జిన్నింగ్ మిల్లు లెక్కల నుంచి పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకి: రెండు వారాల్లో ఎలా తయారవ్వాలి?

ఇదే పరిస్థితిలో ఉన్న మరికొందరికి కూడా ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు పరకాల దగ్గర తెలుగు మాధ్యమంలో చదువుకున్నారు. హన్మకొండలో బీకాం చేశారు. ఎనుమాముల వైపు ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లులో, నాలుగేళ్లుగా ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు చూస్తున్నారు. హైదరాబాద్‌లో ఒక బహుళజాతి కంపెనీ ఫైనాన్స్ కేంద్రం నుంచి, సరఫరాదారుల బిల్లులు చూసే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. రెండు వారాల గడువుంది. మిల్లు అనుభవాన్ని వాళ్లు అనుభవంగా చూస్తారా, పెద్ద కంపెనీలు లెక్కలకు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ రాదు కదా, ఇంగ్లిష్ తడబడితే ఎలా అని అడిగారు.

నేను వరంగల్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మొదలుపెట్టి, తరువాత హైదరాబాద్‌లో ఇలాంటి ఫైనాన్స్ కేంద్రాల్లోనే చాలా ఏళ్లు పనిచేశాను. మన వైపు నుంచి వచ్చిన ఎందరినో ఇంటర్వ్యూ చేశాను కూడా. వాళ్లలో ఎక్కువమంది పని రాక వెనుదిరగలేదు. చేసిన పనిని చెప్పలేక వెనుదిరిగారు. అందుకే నా సలహా ఇది: ఈ రెండు వారాల్లో ఎక్కువ సమయం కొత్త విషయాలకు కాకుండా, మీ నాలుగేళ్ల పనిని మీరే మళ్ళీ చదువుకోవడానికి పెట్టండి.

ఎందుకో చెబుతాను. పెద్ద కంపెనీలో మీరు వెళ్తున్న విభాగం ప్రధానంగా మూడు కాగితాలను సరిచూస్తుంది. ఒకటి కంపెనీ ఇచ్చిన కొనుగోలు ఆర్డరు, రెండోది సరుకు అందిందని చెప్పే రసీదు, మూడోది సరఫరాదారు పంపిన బిల్లు. పరిమాణం, ధర, పన్ను సరిపోతే బిల్లు చెల్లింపుకు వెళ్తుంది, లేకపోతే ఆగుతుంది. దీనికి త్రీ వే మ్యాచింగ్ అని పేరు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాకుండా ఉండటం అరుదు. సీజన్‌లో మీరు రోజూ చేసే పని ఒకసారి గుర్తు చేసుకోండి. మార్కెట్ యార్డులో తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, మీద రాసిన ధర ఒకటి ఉంటుంది. మిల్లు గేటు దగ్గర తూకం రాసిన కాంటా చీటీ ఇంకొకటి. ఆపైన అడ్తిదారు, అంటే కమీషన్ ఏజెంటు, బిల్లు. ఈ మూడూ కలవకుండా మీరు డబ్బు ఇవ్వరు కదా? తూకంలో తేడా వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేశారు, తేమ ఎక్కువ ఉందని ధర మారినప్పుడు ఏ కాగితాన్ని ఆధారంగా తీసుకున్నారు, ఆ తేడాను ఏ ఖాతాలో చూపించారు, ఎవరి అనుమతితో చూపించారు? ఇవన్నీ ఆ విభాగంలో రోజూ వచ్చే సమస్యలే. అక్కడ పత్తి ఉండదు, కంప్యూటర్లో ఆర్డరు నంబరు ఉంటుంది. తేడాను పట్టుకుని, కారణం తేల్చి, ఆధారం భద్రపరిచే పద్ధతి మాత్రం ఒకటే.

కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఇలా గడపండి. నిరుడు సీజన్‌లో బాగా రద్దీగా ఉన్న ఒక వారాన్ని ట్యాలీ డేబుక్‌లో తెరవండి. ఆ వారంలో ఎన్ని కొనుగోలు వోచర్లు నమోదు చేశారో లెక్కపెట్టండి. అన్‌సీజన్‌లో నెలకు ఎన్ని వస్తాయో చూడండి. ఎంతమంది సరఫరాదారుల ఖాతాలు మీ చేతిలో ఉన్నాయో రాసుకోండి. "రోజుకు ఎన్ని బిల్లులు చూస్తారు?" అన్నది ఎంత మామూలు ప్రశ్నో, మనవాళ్లు అంతగా తడబడేది దాని దగ్గరే. "చాలా ఉంటాయి సార్" అంటే ఇంటర్వ్యూ చేసే ప్యానెల్‌కు మీ పని గురించి ఏమీ తెలియదు. "సీజన్‌లో రోజుకు ఇన్ని, మిగతా నెలల్లో ఇన్ని, వాటిలో పత్తి కొనుగోళ్లు ఇంత, మిగతావి లారీ కిరాయి, స్పేర్ పార్టులు, ప్యాకింగ్ సామాను" అన్న అభ్యర్థి మాట మీద నమ్మకం కుదురుతుంది. ఊహించి పెద్ద అంకె చెప్పకండి, తరువాతి ప్రశ్నలో అది బయటపడుతుంది. మిల్లు టర్నోవరు, పార్టీల పేర్లు మాత్రం చెప్పకండి. అడిగినా, అవి యజమానికి చెందిన వివరాలని మర్యాదగా అనండి. రేపు తమ వివరాలను కూడా మీరు ఇలాగే కాపాడతారని వాళ్లకు అర్థమవుతుంది.

మిల్లులో మీరు చూసిన జీఎస్టీ పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీకున్న పెద్ద బలం అక్కడే ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న మిల్లు రైతు దగ్గర ముడి పత్తి కొంటే 5 శాతం జీఎస్టీని రైతు కట్టడు, కొన్న మిల్లే కట్టాలి. రివర్స్ ఛార్జ్ అనే ఈ పద్ధతి ముడి పత్తికి 2017 నవంబరు నుంచి ఉంది. రైతు జీఎస్టీ బిల్లు ఇవ్వడు కనుక మిల్లే ఇన్‌వాయిస్ రాసుకోవాలి. ఆ పన్నును ఖాతాలో ఉన్న క్రెడిట్‌తో, అంటే కొనుగోళ్ల మీద ఇప్పటికే కట్టిన పన్నుకు దొరికే సర్దుబాటుతో, సర్దడానికి వీల్లేదు, నగదుగానే కట్టాలి. కట్టాక దాన్నే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, దూది బేళ్ల అమ్మకం మీద కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. ఇది మీకు రోజూ చేసే పని. కానీ పెద్ద నగరాల్లో చదివి వచ్చిన చాలామందికి రివర్స్ ఛార్జ్ అంటే పుస్తకంలో చదివిన నిర్వచనం మాత్రమే. వాళ్లు కట్టిన నెలా చూడలేదు, క్రెడిట్ తీసుకున్న నెలా చూడలేదు. మీరు చూశారు. ఒక లారీ పత్తితో మొదలుపెట్టి రిటర్ను దాఖలు దాకా ఏం జరుగుతుందో, ఏ ఎంట్రీలు వస్తాయో రెండు నిమిషాల్లో చెప్పడం సాధన చేయండి. అంకెలతో చెబితే ఇంకా మంచిది: లక్ష రూపాయల పత్తికి 5,000 రివర్స్ ఛార్జ్, ఏ ఖాతా డెబిట్, ఏ ఖాతా క్రెడిట్, నగదు ఎప్పుడు వెళ్లింది.

దాంతో పాటు మరికొన్ని విషయాలు గట్టి చేసుకోండి. సరఫరాదారు తన రిటర్నులో చూపించిన బిల్లులు ప్రతి నెల 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బీ అనే పట్టికలో కనిపిస్తాయి, అందులో లేని బిల్లుకు క్రెడిట్ తీసుకోకూడదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా సరఫరాదారుకు డబ్బు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకైతే రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. బిల్లులు చూసే మనిషి గడువు తేదీలను ఎందుకు అంత పట్టుదలగా చూడాలో ఈ నియమాలు తెలిస్తే అర్థమవుతుంది. విదేశీ కంపెనీల పని అయినా భారతదేశ విభాగం బిల్లులు మీ చేతికి వస్తే ఇవన్నీ కావాలి.

బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే మన పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చడం, తప్పకుండా అడుగుతారు. జమ్మికుంట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "పుస్తకానికీ బ్యాంకు స్టేట్‌మెంటుకూ తేడా వస్తే ఏం చేస్తారు?" అని అడిగాం. అందరూ చెప్పేదే, ఇంకా డ్రా కాని చెక్కులు, బ్యాంకు ఛార్జీలు అని మొదలుపెట్టింది. "అవన్నీ చూశాక కూడా తేడా ఉంటే?" అన్నాం. ఒకసారి తనకు 54,000 తేడా వచ్చిందని, అది 9తో నిశ్శేషంగా భాగించబడటం చూసి అంకెలు తారుమారై ఉంటాయని అనుమానించానని చెప్పింది. ఆ నెల చెల్లింపుల్లో వెతికితే 1,28,000 చెల్లింపును 1,82,000గా నమోదు చేసినట్టు దొరికిందట. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. లెక్కలు రాసేవాళ్లకు పాత కిటుకే ఇది. కానీ ఆ అమ్మాయి దాన్ని తన సొంత పనిలో, సొంత అంకెలతో చెప్పింది. ఇంగ్లిష్‌లో ఆగి ఆగి చెప్పింది, క్రియల కాలాలు కూడా కొన్నిచోట్ల తప్పాయి. ప్యానెల్‌లో ఒక్కరికి కూడా ఆ తప్పులు అడ్డం కాలేదు. ఆమెను ఎంపిక చేశాం.

ఇలాంటి సందర్భాలు మీ నాలుగేళ్లలో ఎన్నో ఉంటాయి. ఒకే బిల్లు కాగితం మీద ఒకసారి, వాట్సాప్‌లో ఒకసారి రావడం. బిల్లు నంబరు ఒకచోట 145, మరోచోట 0145 అని ఉండటంతో ట్యాలీ రెండింటినీ వేర్వేరుగా అంగీకరించడం. లారీ కిరాయి అడ్వాన్సు ఇచ్చాక మళ్ళీ పూర్తి కిరాయికి బిల్లు రావడం. వాటిలో అయిదారు ఎంచుకుని ఒక్కోదాన్నీ నాలుగు మాటల్లో రాయండి: పరిస్థితి ఏమిటి, మీ బాధ్యత ఏమిటి, మీరు ఏం చేశారు, ఫలితం ఏమైంది. పెద్ద కంపెనీల్లో దీన్ని స్టార్ పద్ధతి అంటారు. ప్రవర్తనకు సంబంధించిన ప్రశ్నలన్నీ, అంటే "పై అధికారితో అభిప్రాయ భేదం వచ్చినప్పుడు", "గడువు దాటుతుందనుకున్నప్పుడు" లాంటివన్నీ, ఈ అచ్చులోనే జవాబును ఆశిస్తాయి. ఇక్కడ మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. మనం వినయంతో "మేము చేశాం", "చూసుకున్నాం" అంటాం. ప్యానెల్‌కు కావలసింది మీరు ఏం చేశారన్నది. ఆడిటర్ గారు చేసింది ఆయనదని, యజమాని తీసుకున్న నిర్ణయం యజమానిదని చెప్పి, మీ వంతు వచ్చేసరికి "నేను" అనండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, ఎవరి పని ఎవరిదో స్పష్టంగా చెప్పడం.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ చెప్పరు కనుక కాస్త వివరంగా చెబుతాను. చిన్న సంస్థల నుంచి వచ్చినవాళ్లు గర్వంగా "ఆర్డరు ఇవ్వడం దగ్గర నుంచి చెక్కు రాసేదాకా అన్నీ నేనే చూసుకునేదాన్ని" అంటారు. వాళ్ల దృష్టిలో అది కష్టపడే గుణం. ఇంటర్వ్యూ చేసేవారికి మాత్రం అది ఒక హెచ్చరికగా వినిపిస్తుంది. పెద్ద కంపెనీలో సరఫరాదారును నమోదు చేసే మనిషి వేరు, బిల్లు ఎక్కించే మనిషి వేరు, ఆమోదించే మనిషి వేరు, డబ్బు విడుదల చేసే మనిషి వేరు. ఒక్కరే అన్నీ చేయగలిగితే లేని సరఫరాదారును పుట్టించి డబ్బు మళ్లించడం తేలిక. అమెరికాలో ఎన్రాన్, వరల్డ్‌కామ్ కంపెనీల లెక్కల కుంభకోణాల తరువాత 2002లో సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం వచ్చింది. అక్కడి స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు తమ అంతర్గత తనిఖీలు ఎలా పనిచేస్తున్నాయో ఏటా చూపించాలి. మన హైదరాబాద్‌లోనే 2009 జనవరిలో బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో నకిలీ ఇన్‌వాయిస్‌ల పాత్ర ఎంతో మీకు తెలిసే ఉంటుంది. అందుకే వాళ్లు "ఎవరు ఆమోదిస్తారు?" అని పదేపదే అడుగుతారు.

మీ మిల్లులో మనుషులు తక్కువ కనుక అన్నీ మీ చేతి మీదుగా వెళ్లి ఉండవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ చెప్పేటప్పుడు తనిఖీలు ఎక్కడున్నాయో కూడా చెప్పండి. బిల్లు మీద సూపర్‌వైజర్ సంతకం ఉంటేనే నమోదు చేస్తానని, చెక్కు మీద సంతకం యజమానిదేనని, ఫలానా మొత్తం దాటితే ఆయనను ముందే అడుగుతానని, నెలాఖరులో ఆడిటర్ ఆఫీసు సరిచూస్తుందని చెప్పండి. సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని ఫోనో, మెయిలో వస్తే ఏం చేస్తారని కూడా అడగవచ్చు. పాత నంబరుకు మీరే ఫోన్ చేసి ధ్రువీకరించుకుని, రద్దు చేసిన చెక్కు, లెటర్‌హెడ్ మీద లేఖ తీసుకున్నాకే మారుస్తానని చెప్పాలి. ఖాతా మార్పు పేరుతో జరిగే మోసాలు పెద్ద కంపెనీలకు నిత్యం తలనొప్పి.

ఎస్‌ఏపీ సంగతికి వద్దాం. రెండు వారాల కోసం అమీర్‌పేటలో వేలు పోసి కోర్సులో చేరకండి. రాని దాన్ని వచ్చని రెజ్యూమెలో రాయకండి. "బ్లాక్ అయిన బిల్లును ఎక్కడ విడుదల చేస్తారు?" అన్న ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. దానికి బదులు వరస తెలుసుకోండి. ఎస్‌ఏపీలో ఒక్కో పనికి ఒక్కో తెర, దానికో కోడ్ ఉంటాయి. సరుకు అందినట్టు మిగో అనే తెరలో నమోదు చేస్తారు. ఆర్డరు ఉన్న బిల్లును మిరోలో, ఆర్డరు లేని బిల్లును ఎఫ్‌బీ60లో ఎక్కిస్తారు. గడువు వచ్చిన బిల్లులన్నిటికీ కలిపి ఎఫ్110లో చెల్లింపు నడుపుతారు. ఆగిపోయిన బిల్లులను ఎంఆర్‌బీఆర్‌లో చూస్తారు. యూట్యూబులో ఈ ఒక్కో తెరను ఒక్కోసారి చూస్తే చాలు. ఇంటర్వ్యూలో నిజమే చెప్పండి: "ఎస్‌ఏపీలో పనిచేయలేదు, ట్యాలీలో ఇదే వరస ఇలా చేస్తాను, ఎస్‌ఏపీలో ఆ మెట్లు ఇవని చదివాను." కొత్తవారికి సాఫ్ట్‌వేర్ నేర్పే ఏర్పాటు పెద్ద కంపెనీల్లో ఉంటుంది. లెక్క తెలిసిన మనిషికి తెర నేర్పడం తేలికని అక్కడి టీం లీడర్లకు బాగా తెలుసు.

ఎక్సెల్‌లో మాత్రం ఏ సడలింపూ ఉండదు. ఫైలు ఇచ్చి ఎదురుగా చేయమంటారు. వీలుకప్, ఎక్స్‌లుకప్, సమ్‌ఇఫ్స్, పివట్ టేబుల్, డూప్లికేట్లు పట్టుకోవడం, బాకీల వయసు లెక్క, అంటే 30 రోజుల లోపు ఎంత, 31 నుంచి 60 ఎంత అన్న పట్టిక, ఇవి చేతికి రావాలి. సాధనకు మంచి మార్గం మీ దగ్గరే ఉంది. ఒక నెల కొనుగోళ్ల రిజిస్టరును, అదే నెల జీఎస్టీఆర్-2బీని ఎక్సెల్‌లో పెట్టి బిల్లు నంబరుతో కలపండి. సగం బిల్లులు కలవవు. ఒకచోట నంబరు ముందు సున్నాలుంటాయి, ఒకచోట చివర ఖాళీ ఉంటుంది, ఒకచోట అంకె అక్షరంగా నిలిచి ఉంటుంది. అనవసర ఖాళీలు తీసేసే ట్రిమ్ ఎందుకు వాడాలో, వీలుకప్ ఎందుకు ఖాళీ చేతులు చూపిస్తుందో అప్పుడే తెలుస్తుంది. రోజుకు గంట చొప్పున వారం చేయండి. ఆ పరీక్షలో మీరు వెనకబడరు.

ఇంగ్లిష్ గురించి మీకున్న భయం నాకు అర్థమవుతుంది, తేలిగ్గా తీసిపారేయను. ఈ ఉద్యోగంలో విదేశాల్లోని సరఫరాదారులకు మెయిళ్లు రాయాలి, కొన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడాలి. కనుక వాళ్లు ఇంగ్లిష్ చూస్తారు. అయితే యాస కోసం చూడరు. అడిగింది అర్థమైందా, చెప్పేది స్పష్టంగా ఉందా, అర్థం కానప్పుడు మళ్ళీ అడిగే ధైర్యం ఉందా అన్నవే చూస్తారు. వ్యాకరణ పుస్తకం ఇప్పుడు తెరవకండి. పైన చెప్పిన అయిదారు సందర్భాలు, మీ పరిచయం, ఈ ఉద్యోగం ఎందుకన్న జవాబు, వీటిని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాసుకోండి. ఒక్కో వాక్యంలో ఒక్క విషయమే ఉండాలి. పైకి చదవండి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మూడో రోజు కాగితం పక్కన పెట్టి చెప్పండి. బట్టీ పట్టిన వాక్యం మధ్యలో ఆగిపోతే మళ్ళీ అందుకోవడం కష్టం, కనుక వరస గుర్తుంచుకుని మాటలు అప్పటికప్పుడు రానివ్వండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగండి. అర్థం కాకుండానే తోచింది చెప్పేవాళ్లకే మార్కులు పోతాయి.

అంకెలు మాత్రం ప్రత్యేకంగా సాధన చేయండి. మనం లక్షల్లో, కోట్లలో ఆలోచిస్తాం, వాళ్లు మిలియన్లలో మాట్లాడతారు. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు. 3,75,000ని మూడు వందల డెబ్బై అయిదు వేలుగా ఇంగ్లిష్‌లో తడుముకోకుండా చెప్పగలగాలి. తేదీలు కూడా అంతే. అమెరికా బిల్లు మీద 03/04 అని ఉంటే అది మార్చి 4, మన లెక్కలో అయితే ఏప్రిల్ 3. గడువు తేదీ నెల రోజులు తప్పిపోవడానికి ఇది చాలు. ఇలాంటివి మీకు ముందే తెలుసని మాటల్లో వస్తే మీ మీద గౌరవం పెరుగుతుంది.

పరిచయం ఒకటిన్నర నిమిషానికి మించకూడదు. ఊరు, కుటుంబం, అభిరుచులు ఒక్క వాక్యంలో ముగించి పనిలోకి వెళ్లండి. ఇలా ఉండవచ్చు: "నేను నాలుగేళ్లుగా పత్తి జిన్నింగ్ మిల్లులో కొనుగోళ్ల లెక్కలు చూస్తున్నాను. సీజన్‌లో రోజుకు ఇన్ని బిల్లులను కాంటా చీటీతో, కొనుగోలు ధరతో సరిచూసి నమోదు చేస్తాను. సరఫరాదారుల ఖాతాలు నెలనెలా సరిపోల్చుతాను. జీఎస్టీ రిటర్నులకు కావలసిన వివరాలు తయారు చేసి ఆడిటర్‌కు ఇస్తాను. ఈ పనిని ఎక్కువ బిల్లులు, పకడ్బందీ పద్ధతులు ఉన్న చోట చేయాలని వచ్చాను." దీన్నే మీ ఇంగ్లిష్‌లో చెప్పండి.

కంపెనీ గురించి ఒక సాయంత్రం చదివితే సరిపోతుంది. వార్షిక నివేదికలో వాళ్లు ఏం అమ్ముతారు, ఏ దేశాల్లో అమ్ముతారు, ఆర్థిక సంవత్సరం ఎప్పుడు ముగుస్తుంది అన్నవి చూడండి. చాలా అమెరికా కంపెనీలకు అది డిసెంబరులో ముగుస్తుంది. అంటే జనవరిలో మీ విభాగానికి పని ఒత్తిడి. చివర "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు ఊరకనే లేదనకండి. నెలాఖరు ముగింపు ఎన్ని రోజుల్లో చేస్తారు, కొత్తవారికి శిక్షణ ఎలా ఉంటుంది, ఏ దేశం బిల్లులు చూడాల్సి వస్తుంది అని అడగండి. షిఫ్టు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. అమెరికా పని అయితే అర్ధరాత్రి దాటే షిఫ్టు ఉండవచ్చు. ఇంటికి దించే వాహనం ఉంటుందా, ఎంత దూరం వరకు ఉంటుందన్నది మొహమాటం లేకుండా అడగవలసిన ప్రశ్న. హాస్టల్ ఎక్కడ తీసుకోవాలన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది.

మొదటి రౌండు వీడియోలో ఉంటే మిల్లు ఆఫీసులో కూర్చోకండి, జిన్నులు నడుస్తుంటే ఒక్క మాటా వినపడదు. ఇంట్లో తలుపు వేసుకునే గది, మైకు ఉన్న ఇయర్‌ఫోన్, కరెంటు పోతే వాడటానికి ఛార్జి చేసిన ఫోన్‌లో డేటా సిద్ధంగా ఉంచుకోండి. తెర మీద జవాబులు తెరిచి పెట్టుకుని చదవకండి. కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం అవతలివారికి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మధ్య కృత్రిమ మేధ ఇచ్చిన జవాబులను చదివేవాళ్లు పెరిగారు. అందుకే ప్యానెళ్లు ఒక్కో జవాబు మీద మూడు నాలుగు ఉప ప్రశ్నలు వేస్తున్నాయి. సొంత పని చెప్పేవారికి ఆ ఉప ప్రశ్నలు వరంలాంటివి.

హైదరాబాద్‌కు రమ్మంటే ఉదయం ఇంటర్వ్యూకి అదే రోజు బయలుదేరకండి. హన్మకొండ నుంచి బస్సు మూడు గంటలని అనుకున్నా ఘట్‌కేసర్ దాటాక ఉప్పల్ చేరేదాకా రద్దీని నమ్మలేం. ముందు రోజే వెళ్లి బంధువుల ఇంట్లోనో, స్నేహితుల గదిలోనో ఉండండి. బస్సులో వెళ్తే ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కండి. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలి మార్గం మిమ్మల్ని రైలు మారకుండా హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా తీసుకెళ్తుంది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగినా అదే మార్గం దొరుకుతుంది. ఆఫీసు నానక్‌రామ్‌గూడ వైపు ఉంటే రాయదుర్గం నుంచి ఆటోనో, క్యాబో కావాలి. గేటు దగ్గర గుర్తింపు కార్డు, ల్యాప్‌టాప్ నమోదు అంటూ కొంత సమయం పోతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి, ఇది చాలామందిని ఎంపికయ్యాక దెబ్బతీస్తుంది. పెద్ద కంపెనీలు మీ చదువు, పాత ఉద్యోగం, చిరునామా అన్నీ బయటి సంస్థతో తనిఖీ చేయిస్తాయి. మిల్లులో నియామక పత్రం ఇచ్చారా? జీతం బ్యాంకులో పడుతుందా, చేతికి ఇస్తారా? పీఎఫ్ ఉందా? జీతం బ్యాంకులో పడితే నాలుగేళ్ల స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. పీఎఫ్ ఉంటే మీ పీఎఫ్ నంబరైన యూఏఎన్‌లో చేరిన తేదీ సరిగా ఉందో లేదో చూసుకోండి. ఇవేవీ లేకపోతే ఎప్పటి నుంచి ఏ పని చేస్తున్నారో లెటర్‌హెడ్ మీద రాసివ్వమని యజమానిని అడగాల్సి ఉంటుంది. ఆ విషయాన్ని హెచ్ఆర్‌కు కూడా ముందే చెప్పండి, దాచకండి. అనుభవ పత్రాలు అమ్మే కన్సల్టెన్సీల వైపు మాత్రం కన్నెత్తి చూడకండి. ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఆ సంగతి బయటపడి తీసేసిన వాళ్లను చూశాను.

ఇదే సందర్భంలో ఇంకో మాట. ఇంటర్వ్యూ ఫీజు, శిక్షణ డిపాజిట్, ల్యాప్‌టాప్ పూచీ అంటూ ఎవరైనా డబ్బు అడిగితే అది ఆ కంపెనీ కాదు. పిలుపు వచ్చిన మెయిల్ చిరునామా కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, మామూలు ఉచిత మెయిలా అన్నది ఈ రోజే చూడండి. కంపెనీ వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో కూడా సరిచూసుకోండి.

జీతం గురించి అడిగితే ఇప్పటి జీతాన్ని పెంచి చెప్పకండి, బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. మిల్లు జీతం తక్కువ కనుక దాని మీద ఇంత శాతం అని లెక్కగడితే మీకే నష్టం. అదే హోదాలో నాలుగేళ్ల అనుభవం ఉన్నవారికి హైదరాబాద్‌లో ఎంత ఇస్తున్నారో ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకుని, ఆ హోదాకు ఉన్న జీతం ఆశిస్తున్నానని చెప్పండి. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, అన్న అంకెను చూసి సంబరపడకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా, పనితీరును బట్టి ఇచ్చే భాగం అన్నీ కలిసి ఉంటాయి. నెలకు చేతికి ఎంత వస్తుందో రాతపూర్వకంగా అడగండి. అందులో హాస్టల్, భోజనం, ప్రయాణం పోను ఎంత మిగులుతుందో చూసుకున్నాకే ఒప్పుకోండి.

ఆఫర్ లేఖ చేతికి వచ్చేదాకా మిల్లులో రాజీనామా మాట ఎత్తవద్దమ్మా. వచ్చాక, చేరే తేదీకి కనీసం నెల గడువు అడగండి, కంపెనీలు సాధారణంగా ఇస్తాయి. పత్తి సీజన్ మధ్యలో అయితే యజమానికి మీరు వెళ్లడం నిజంగా కష్టమే. పార్టీల ఖాతాలు సరిచూసి, రావాల్సినవి, ఇవ్వాల్సినవి జాబితాగా రాసి, కొత్తగా వచ్చేవారికి దగ్గరుండి అప్పగించండి. అనుభవ పత్రం అప్పుడే తీసుకోండి. తనిఖీ సంస్థ నుంచి ఫోన్ వస్తుందని ఆయనకు ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే మీ గురించి వాళ్లు అడిగేది ఆయననే.